8 నెలల పుదుచ్చేరి యాత్ర, 40 ఏళ్ల వివాదం: విదేశీ ‘షార్ట్ టర్మ్ మిషన్’ల గురించి టూర్నాన్ కథ ఏం చెబుతోంది?

పుదుచ్చేరిలో మిషన్ వీధి గుండా వెళ్తే ఎత్తైన జంట గోపురాలతో ఓ పాత చర్చి కనిపిస్తుంది. అధికారికంగా అది నిష్కళంక మాత కేథడ్రల్. ఊళ్లో వాళ్లకు మాత్రం ‘సంబా కోవిల్’. సెయింట్ పాల్ పేరు స్థానికుల నోళ్లలో నలిగి నలిగి ‘సంబా’ అయిందని చెబుతారు.

ఇప్పుడున్న కట్టడం 1791లో ప్రతిష్ఠించినది. అదే చోట అంతకుముందు యేసు సభ గురువుల, అంటే జెస్యూట్ల చర్చిలు ఉండేవి. ఒకదాన్ని 1693లో డచ్చి వాళ్లు, మరొకదాన్ని 1761లో ఇంగ్లిష్ వాళ్లు పడగొట్టారు.

ఈ రెండు కూల్చివేతల మధ్య కాలంలో, 1703 చివర్లో, యూరప్ నుంచి ఓ అతిథి ఈ ఊరికి వచ్చారు. ఉన్నది సుమారు 8 నెలలే. వెళ్లిపోవడానికి మూడు రోజుల ముందు ఆయన చేతికిచ్చిన ఒక ఉత్తర్వు 40 ఏళ్ల పాటు పుదుచ్చేరి నుంచి రోమ్ దాకా చర్చిని కుదిపేసింది. తాళిబొట్టు, కొబ్బరికాయ, ఎంగిలి, బహిష్టు, అంటరానితనం అన్నీ అందులో ఉన్నాయి.

విదేశాల్లో కొన్ని వారాలో, నెలలో గడిపి మత సేవ చేసి రావడాన్ని ఇప్పుడు ‘షార్ట్ టర్మ్ మిషన్’ అంటున్నారు. అలాంటి యాత్రల మీద నేడు వినిపిస్తున్న ప్రశ్నలు చాలావరకు మూడు వందల ఏళ్ల కిందటి ఈ యాత్రలోనే ఉన్నాయి.

ఎవరీ టూర్నాన్?

చార్లెస్ థామస్ మయార్ డి టూర్నాన్ 1668లో ఇటలీలోని టూరిన్‌లో పుట్టారు. పోప్ 11వ క్లెమెంట్ ఆయన్ను తన ప్రత్యేక ప్రతినిధిగా ఆసియాకు పంపారు. ప్రధానంగా అప్పగించిన పని చైనాది. అక్కడి క్రైస్తవులు పూర్వీకులకు, కన్ఫ్యూషియస్‌కు చేసే ఆచారాలు మతానికి సమ్మతమా, కాదా అన్న తగవును తేల్చడం. దారిలో భారత్‌లోని మిషన్ల సంగతి చూసే అధికారం కూడా ఇచ్చారు.

1703 ఫిబ్రవరి 9న ఓడెక్కిన టూర్నాన్ ఆ ఏడాది నవంబరు 6న పుదుచ్చేరిలో దిగారు. ప్రయాణానికే దాదాపు 9 నెలలు పట్టింది. అప్పటికి ఆయన వయసు 34 ఏళ్లు. డచ్చి వాళ్ల చేతి నుంచి ఊరు తిరిగి ఫ్రెంచ్ వాళ్లకు దక్కి నాలుగేళ్లే అయింది. గవర్నర్ ఫ్రాన్సువా మార్టిన్ దాన్ని మళ్లీ నిలబెట్టే పనిలో ఉన్నారు.

ఊరు చిన్నదైనా గురువుల మధ్య గొడవలు చిన్నవి కావు. జెస్యూట్లకు, కపూచిన్ సభ వారికి పొసగేది కాదు. హిందూ ఆచారాలను జెస్యూట్లు క్రైస్తవంలోకి రానిస్తున్నారన్న ఫిర్యాదులు రోమ్ దాకా వెళ్లాయి.

టూర్నాన్ దక్షిణాది లోపలి మిషన్లను స్వయంగా చూడాలనుకున్నారు. ఆరోగ్యం సహకరించలేదు. మదురై, మైసూరు, కర్ణాటక మిషన్లలో దేన్నీ ఆయన కళ్లారా చూడలేకపోయారు. ఇద్దరు జెస్యూట్లు, కర్ణాటక మిషన్‌కు చెందిన బూషె, మదురై మిషన్‌కు చెందిన బర్తోల్ది చెప్పిన వివరాలపై ఆధారపడ్డారు.

1704 జూన్ 23న ఉత్తర్వుపై సంతకం చేశారు. జెస్యూట్ల పెద్దలకు దాన్ని తెలియజేసింది మాత్రం జులై 8న. జులై 11న ఆయన ఓడెక్కి ఫిలిప్పీన్స్ మీదుగా చైనాకు వెళ్లిపోయారు. ఉత్తర్వు చదివినవారు ప్రశ్నలు అడిగే సమయానికి జవాబు చెప్పాల్సిన వ్యక్తి సముద్రం మీద ఉన్నారు.

కర్ణాటక మిషన్‌తో తెలుగువారికి ఏంటి సంబంధం?

పేరు ‘కర్ణాటక మిషన్’ అయినా ఇది ప్రధానంగా తెలుగు నేలపై సాగింది. 18వ శతాబ్దపు మొదటి ఏళ్లలో ఫ్రెంచ్ జెస్యూట్లు పుదుచ్చేరి నుంచి బయల్దేరి పుంగనూరు వైపు వెళ్లారు. తర్వాత వెంకటగిరి, అనంతపురం ప్రాంతాల్లో కేంద్రాలు ఏర్పడ్డాయి. ఆ మిషన్ ద్వారా క్రైస్తవంలోకి వచ్చిన కొన్ని తెలుగు కుటుంబాలు తర్వాత గుంటూరు ప్రాంతానికి, చెన్నై సమీపంలోని కీళచ్చేరికి వలస వెళ్లాయి.

ఈ గురువులు పాటించిన పద్ధతికి దారి వేసింది ఇటలీకి చెందిన రాబర్టో డి నోబిలి. 1606లో మదురైకి వచ్చిన ఆయన కాషాయం కట్టారు. మాంసం మానేశారు. సంస్కృతం, తమిళం, తెలుగు నేర్చుకున్నారు. జంధ్యం, పిలక, గంధం వంటివి సామాజిక గుర్తులే తప్ప మతానికి సంబంధించినవి కావని వాదించారు. 1623లో పోప్ 15వ గ్రెగరీ కొన్ని షరతులతో ఆ వాదనను ఒప్పుకున్నారు.

నోబిలి బాటలో నడిచిన గురువులకు ఇక్కడి జీవితం మొత్తం కులం చుట్టూ తిరుగుతుందని అర్థమైంది. గొడ్డుమాంసం తినే, మద్యం తాగే ‘పరంగి’ వాళ్ల మతం అన్న ముద్ర పడితే ఊళ్లోకి అడుగు కూడా పెట్టనివ్వరు. అందుకే వీలైనంత వరకు స్థానిక ఆచారాలను ఉంచేశారు. అలా ఉంచేసిన వాటికే యూరప్‌లో ‘మలబారు ఆచారాలు’ అన్న పేరు స్థిరపడింది. కేరళలోని మలబారుతో వాటికి పెద్దగా సంబంధం లేదు. తమిళ తీరాన్ని, అక్కడి ప్రజలను కూడా అప్పట్లో యూరోపియన్లు ‘మలబారు’ అనే పిలిచేవారు.

ఉత్తర్వులో ఏముంది?

మొత్తం 16 అంశాలు. వాటిలో కొన్ని చూస్తే గొడవ ఎంత లోతైనదో తెలుస్తుంది.

మొదటిది జ్ఞానస్నానం. రోమన్ పద్ధతిలో గురువు తన ఉమ్మితో శిశువు చెవులను, ముక్కును తాకాలి. నాలుకపై ఉప్పు పెట్టాలి. ముఖంపై ఊదాలి. ఇక్కడి వాళ్లకు అది ఎంగిలి. కుటుంబాలు మళ్లీ చర్చి గడప తొక్కవన్న భయంతో జెస్యూట్లు ఆ భాగాలను వదిలేసేవారు. వదలడానికి వీల్లేదని టూర్నాన్ ఆదేశించారు.

రెండోది పేర్లు. జ్ఞానస్నానంలో పునీతుల పేర్లే పెట్టాలన్నారు. హిందూ దేవతల పేర్లు కుదరవన్నారు.

తర్వాత పెళ్లి. తాళిబొట్టుపై పిళ్లైయార్, అంటే వినాయకుడి రూపం ఉండకూడదు. కావాలంటే సిలువ, లేదా క్రీస్తు, మరియమ్మల ప్రతిమ ఉండొచ్చు. 108 పోగుల పసుపుతాడుకు కూడా అనుమతి లేదు. పెళ్లిలో కొబ్బరికాయ కొట్టి శకునం చూడటం వంటివి మానేయాలి. చిన్నపిల్లల పెళ్లిళ్లు కూడా కూడదన్నారు.

ఆడపిల్ల రజస్వల అయినప్పుడు జరిపే వేడుకను నిషేధించారు. బహిష్టులో ఉన్నారన్న కారణంతో స్త్రీలను పాపసంకీర్తనానికి రానివ్వకపోవడాన్ని కూడా తప్పుబట్టారు.

క్రైస్తవ వాయిద్యకారులు గుళ్లలో వాయించకూడదు. ఆచారం ప్రకారం చేసే స్నానాలు, విభూతి ధారణ ఉండకూడదు.

వీటి మధ్యలో మరో అంశం ఉంది. పరయ కులస్థులు, అంటే ఇప్పుడు దళితులుగా మనం చెప్పుకునే వారు, జబ్బు పడితే గురువులు వారి ఇళ్లకే వెళ్లి సంస్కారాలు ఇవ్వాలి. అప్పటిదాకా చాలాచోట్ల మరణశయ్యపై ఉన్నవారిని కూడా మోసుకుని బయటికి తీసుకురావాల్సి వచ్చేది. వారి గుడిసెలోకి వెళ్తే గురువు అగ్రకులాల దృష్టిలో ‘అంటరానివాడు’ అయిపోతారు. ఆ తర్వాత మిగతా ఇళ్లు ఆయన్ను దగ్గరికి రానివ్వవు.

ఎవరిది తప్పు?

అతిథి వచ్చి, చూడకుండా తీర్పు చెప్పి, వెళ్లిపోయాడు. చాలాకాలం ఈ కథను ఇలాగే చెప్పారు. ఆ మాటలో నిజం ఉంది. కొబ్బరికాయ కొట్టడం వెనుక ఏది మతం, ఏది మర్యాద అన్నది 8 నెలల్లో, అందులోనూ జబ్బుతో మంచంపై ఉండి తేల్చగలిగేది కాదు.

అదే తొందర చైనాలోనూ కనిపించింది. 1705 డిసెంబరులో బీజింగ్ చేరిన టూర్నాన్ కాంగ్‌షీ చక్రవర్తిని కలిశారు. తర్వాత చక్రవర్తి ఆగ్రహానికి గురయ్యారు. 1707లో నాన్‌జింగ్‌లో చైనా ఆచారాలపై నిషేధం ప్రకటించారు. ఆయన్ను మకావుకు పంపి నిర్బంధించారు. అక్కడే 1710 జూన్ 8న కన్నుమూశారు. కార్డినల్ పదవి ఇస్తూ రోమ్ తీసుకున్న నిర్ణయం ఆయన నిర్బంధంలో ఉన్న కాలంలోనే వచ్చింది.

అయితే అంటరానితనం విషయంలో చూడాల్సినది సూటిగా చూసింది ఈ అతిథే. బహిష్టు విషయంలోనూ అంతే. ఇక్కడే ఏళ్ల తరబడి ఉండి, భాష నేర్చి, ఇక్కడి తిండి తిని, ఇక్కడే చనిపోయిన గురువులు తమకు గౌరవం ఇచ్చిన వర్గాల కళ్లతో లోకాన్ని చూడటం అలవాటు చేసుకున్నారు. దళితుడి గుడిసెలోకి వెళ్లకపోవడం వారికి ‘స్థానిక ఆచారం’గా కనిపించింది. ఆ గుడిసెలో చావుబతుకుల్లో ఉన్న మనిషికి అది ఎలా కనిపించి ఉంటుందన్నది వేరే సంగతి.

తక్కువ రోజులు ఉంటే అర్థం కాదు. ఎక్కువ రోజులు ఉంటే కొన్ని కనబడటం మానేస్తాయి. ఈ వివాదంలో రెండు వైపులా వాదించినవారు యూరప్ గురువులే. తాళి కట్టించుకున్న స్త్రీని గానీ, గుడిసెలో పడుకున్న రోగిని గానీ అడిగి నమోదు చేసిన మాట ఆ ఉత్తర్వులో లేదు.

40 ఏళ్లు ఎందుకు పట్టింది?

ఉత్తర్వు అమలైతే మిషన్లు మూతపడతాయని జెస్యూట్లు వాదించారు. తమ వాదన వినిపించడానికి బూషె స్వయంగా రోమ్ వెళ్లారు. ఒక ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టే కాలమది. పోప్‌లు మారారు. 1734లో, 1739లో 12వ క్లెమెంట్ ఆదేశాలు ఇచ్చారు. కొన్ని అంశాలను సడలించి, చాలావాటిని ఉంచారు.

చివరికి 1744 సెప్టెంబరు 12న పోప్ 14వ బెనెడిక్ట్ తుది నిర్ణయం ప్రకటించారు. టూర్నాన్ ఆదేశాలు చాలావరకు నిలిచాయి. దళితుల విషయంలో జెస్యూట్లు ఒక మధ్యే మార్గం చెప్పారు. వారి కోసమే ప్రత్యేకంగా కొందరు గురువులను కేటాయిస్తామన్నారు. పోప్ దానికి అంగీకరించారు. రోగి ఇంటికి గురువు వెళ్లడం మొదలైంది. కానీ ‘వాళ్ల’ గురువు, ‘మన’ గురువు అన్న గీత అలాగే ఉండిపోయింది.

ఆ గీత ఎంత బలమైనదో మరుసటి ఏడాదే సంబా కోవిల్‌లో బయటపడింది. చర్చిలో ఉత్తరం వైపు దళితులను వేరు చేస్తూ ఒక గోడ ఉండేది. 1745లో దళితులు దాన్ని ప్రశ్నించడంతో గురువు ఆ గోడను పడగొట్టించారు. దానిపై అగ్రకుల క్రైస్తవులు గొడవకు దిగారు. ఇది మనకు తెలిసింది చర్చి రికార్డుల కంటే ఎక్కువగా ఒక హిందువు డైరీ వల్ల. ఆయన ఆనందరంగ పిళ్లై. ఫ్రెంచ్ గవర్నర్ డూప్లేకు దుబాసీగా పనిచేశారు. 1736 నుంచి 1761 వరకు తమిళంలో డైరీ రాశారు. కస్తూరి రంగకవి తెలుగులో ‘ఆనందరంగరాట్ఛందం’ అనే లక్షణ గ్రంథాన్ని అంకితమిచ్చింది ఈయనకే.

గోడను తీయించిన అడుగు రోమ్ నుంచి రాలేదు. అతిథి నుంచీ రాలేదు. గోడకు అవతల కూర్చున్నవారు అడిగితే వచ్చింది.

47 ఏళ్లు ఉన్న మరో యాత్రికుడు

టూర్నాన్‌కు పూర్తి భిన్నమైన ఉదాహరణ కూడా పుదుచ్చేరిలోనే ఉంది. గాస్టన్ లారెంట్ కూర్దూ అనే ఫ్రెంచ్ జెస్యూట్ 1732లో భారత్ వచ్చారు. తెలుగు ప్రాంతంలో పనిచేశారు. తెలుగు, సంస్కృతం నేర్చుకుని తెలుగు-ఫ్రెంచ్-సంస్కృత నిఘంటువును సిద్ధం చేశారు.

సంస్కృతానికి లాటిన్, గ్రీకు భాషలతో పోలికలున్నాయని, అవి ఒకే మూలం నుంచి వచ్చి ఉంటాయని 1767లో పారిస్‌లోని పండిత సభకు రాశారు. ఇదే విషయంపై విలియం జోన్స్ కలకత్తాలో చేసిన ప్రసిద్ధ ప్రసంగం 1786 నాటిది. కూర్దూ రాసింది మాత్రం 1808 దాకా అచ్చు కాలేదు.

1773లో పోప్ యేసు సభనే రద్దు చేశారు. కూర్దూ వెనక్కి వెళ్లలేదు. 1779లో పుదుచ్చేరిలోనే చనిపోయారు. ఆయన వచ్చినప్పుడు ఉన్న మిషన్ చెదిరిపోయింది. నేర్చుకున్న భాష మాత్రం పుస్తకంగా మిగిలింది.

ఇప్పటి ‘షార్ట్ టర్మ్ మిషన్’ అంటే ఏంటి?

విమానయానం చవకయ్యాక 9 నెలల ప్రయాణం ఒక రోజుకు తగ్గింది. 1960లో అమెరికాలో మొదలైన ‘యూత్ విత్ ఎ మిషన్’ వంటి సంస్థలు, జీవితాంతం మిషనరీగా ఉండలేని యువత కూడా కొద్ది కాలం వెళ్లి రావొచ్చన్న ఆలోచనకు ఊపు తెచ్చాయి.

సామాజికవేత్త రాబర్ట్ వుత్‌నావ్ 2005 ప్రాంతంలో చేసిన సర్వే ఆధారంగా ఏటా దాదాపు 16 లక్షల మంది అమెరికన్ చర్చి సభ్యులు ఇలా విదేశాలకు వెళ్తున్నారని అంచనా వేశారు. వీరిలో ఎక్కువ మంది గడిపేది ఒకటి రెండు వారాలే.

వైద్య శిబిరాలు, పిల్లలకు సెలవుల బైబిల్ తరగతులు, ఇళ్లకూ చర్చిలకూ గోడలు కట్టడం, ప్రార్థన సభలు. యాత్ర సాధారణంగా ఇలా ఉంటుంది. అమెరికాలోని తెలుగు సంఘాల నుంచి సొంత జిల్లాలకు ఇలాగే వచ్చి వెళ్లేవారు ఉన్నారు.

వెళ్లి వచ్చినవారి అనుభవాల్లో ఒక మాట తరచూ వినిపిస్తుంది. ‘వాళ్ల దగ్గర ఏమీ లేదు, అయినా ఎంత సంతోషంగా ఉన్నారో!’ అన్నది ఆ మాట. దానిలో ఆప్యాయత ఉంది. కానీ అతిథి ముందు నవ్వడం మర్యాద అని, అప్పు గురించి, జీతం గురించి, కులం గురించి వారం రోజుల అతిథితో ఎవరూ మాట్లాడరని ఇంట్లో వాళ్లకు తెలుసు.

డబ్బు లెక్క ఇంకోటి. 1998 నాటి మిచ్ తుపాను తర్వాత హోండురస్‌లో ఉత్తర అమెరికా బృందాలు కట్టిన ఇళ్లపై పరిశోధకుడు కర్ట్ వెర్ బీక్ అధ్యయనం చేశారు. 2006లో అది ప్రచురితమైంది. ప్రయాణ ఖర్చులతో కలిపి బృందం కట్టిన ఒక్కో ఇంటికి సుమారు 30 వేల డాలర్లు అయితే, స్థానికులు కట్టిన ఇంటికి సుమారు 2 వేల డాలర్లు సరిపోయాయి. ఇళ్లు పొందిన కుటుంబాల జీవితాల్లో, ఎవరు కట్టారన్న దాన్ని బట్టి పెద్ద తేడా కనిపించలేదు. వెళ్లి వచ్చినవారిలో తాము మారిపోయామని చెప్పినవారు ఎక్కువే కానీ, ఆ తర్వాత వారు చేసిన దానధర్మాల్లో ఆ మార్పు అంతగా కనబడలేదు.

యాత్రలను సమర్థించేవారు మరో కోణం చెబుతారు. దీర్ఘకాలం పనిచేసేవారిలో చాలామందికి తొలి ఆసక్తి పుట్టింది ఇలాంటి యాత్రల్లోనే అంటారు. శస్త్రచికిత్స చేయగలిగిన వైద్యుడు వారం ఉన్నా మేలే అంటారు. స్థానిక సంఘం అడిగితే వెళ్లడం, అడిగిన పనే చేయడం, మళ్లీ మళ్లీ అదే ఊరికి వెళ్లడం వల్ల ఫలితం ఉంటుందన్నది వారి వాదన.

భారత్‌లో నిబంధనలు ఏం చెబుతున్నాయి?

టూర్నాన్‌కు పోప్ ముద్ర, ఫ్రెంచ్ ఓడ సరిపోయాయి. ఇప్పుడు భారత్‌కు ఈ పనిపై వచ్చేవారికి వీసా నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి.

పర్యాటక వీసాపై వచ్చిన విదేశీయులు చర్చికి, గుడికి, మసీదుకు వెళ్లొచ్చు. ప్రసంగాలు వినొచ్చు. మత బోధ చేయడం, ప్రార్థనా స్థలాల్లో ఉపన్యసించడం, మత ప్రచార కరపత్రాలు, ఆడియో, వీడియోలు పంచడం, మత మార్పిడికి ప్రయత్నించడం మాత్రం కుదరదని కేంద్ర హోం శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మిషనరీల కోసం విడిగా ‘ఎం’ వీసా ఉంది. అందులోనూ మత మార్పిడి కార్యకలాపాలకు అనుమతి లేదు.

ప్రవాస తెలుగువారు గమనించాల్సిన విషయం మరోటి ఉంది. ఓసీఐ కార్డు ఉంటే ఏ వీసా అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. 2021 మార్చి 4 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, మిషనరీ పని, తబ్లీగ్, పర్వతారోహణ, జర్నలిజం, పరిశోధన వంటివాటికి ఓసీఐ కార్డుదారులు ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. పుట్టిన ఊరి చర్చిలో వాక్యం చెప్పడానికి వచ్చే అమెరికా పౌరుడికి కూడా ఈ ప్రశ్న ఎదురవుతుంది.

నిబంధనలను దాటిన యాత్రల్లో అందరికీ గుర్తున్నది జాన్ అలెన్ చావ్‌ది. 2018లో పర్యాటక వీసాపై అండమాన్‌కు వచ్చిన ఈ 26 ఏళ్ల అమెరికన్, నిషేధం ఉన్న ఉత్తర సెంటినెల్ దీవికి వెళ్లి అక్కడివారి బాణాలకు బలయ్యాడు. ఆ దీవివాసులకు బయటివారి సాధారణ జబ్బులే ప్రాణాంతకం కావొచ్చు. అలా చూస్తే అక్కడ ప్రమాదంలో పడింది అతని ప్రాణం ఒక్కటే కాదు.

చివరికి ఏం మిగిలింది?

మలబారు ఆచారాలకు వ్యతిరేకంగా మిషనరీలు చేయాల్సిన ప్రమాణాన్ని రోమ్ 1940లో రద్దు చేసింది. రెండో వాటికన్ సభ తర్వాత స్థానిక సంస్కృతిని చర్చిలోకి తెచ్చుకోవడం అధికారిక విధానమే అయింది. తెలుగు క్రైస్తవ పెళ్లిళ్లలో సిలువ గుర్తున్న తాళిబొట్టు ఇవాళ మామూలు విషయం. నాడు అంత గొడవ నడిచిన చోట ప్రజలు తమ దారి తామే వెతుక్కున్నారు.

కులం సంగతి అంత తేలిగ్గా తెగలేదు. తమిళనాడు, పుదుచ్చేరి చర్చిల్లో వేర్వేరు శ్మశానాలు, నాయకత్వంలో దళితుల వాటా వంటి అంశాలపై నిరసనలు ఇంకా జరుగుతున్నాయి. 2022 ఆగస్టు 27న హైదరాబాద్ ఆర్చ్‌బిషప్, కర్నూలు జిల్లాకు చెందిన పూల ఆంథోని కార్డినల్ అయ్యారు. ఆ పదవి పొందిన తొలి దళితుడు, తొలి తెలుగు వ్యక్తి ఆయనే. టూర్నాన్ ఉత్తర్వుకు, ఈ నియామకానికి మధ్య 318 ఏళ్లు గడిచాయి.

ఆ 318 ఏళ్లలో ఎందరో అతిథులు వచ్చారు, వెళ్లారు. కొందరు 8 నెలలు, కొందరు 47 ఏళ్లు ఉన్నారు. ఎన్నాళ్లు ఉన్నారన్నది ముఖ్యమే. వచ్చాక ఎవరింటికి వెళ్లారు, ఎవరి మాట విన్నారు, ఎవరి గడప దగ్గర ఆగిపోయారు అన్నది అంతకంటే ముఖ్యమని సంబా కోవిల్ చరిత్ర చెబుతోంది.